పెన్నీ తపాలా వెనుక ఉన్న వర్తకులు

సావనీరు కమిటీ మిత్రులు ఫోన్ చేసి, నీ ఉద్యోగానికి దగ్గరగా ఏదైనా రాయి, కానీ సర్క్యూట్ బొమ్మలు మాత్రం వద్దు అని షరతు పెట్టారు. టెలికాం శాఖలో ఇన్నేళ్ళు పనిచేసినవాడు సర్క్యూట్లు లేకుండా రాయాలంటే మిగిలేది చరిత్రే.

మన బడిలో చదివిన వాళ్ళందరికీ ఒక బిట్టు ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ ఏది? పెన్నీ బ్లాక్. ఏ సంవత్సరం? 1840. కారకుడు ఎవరు? రోలండ్ హిల్. బట్టీ పట్టి రాసేశాం, మార్కులు వచ్చాయి. ఒక బడిపంతులు చిన్న పుస్తకం రాస్తే బ్రిటిష్ ప్రభుత్వం తన ఆదాయాన్ని వదులుకుని ఉత్తరం ధర ఎందుకు తగ్గించిందని అప్పుడు మనం అడగలేదు. ఖజానాకు నష్టం కలిగే పనిని ఏ ప్రభుత్వమూ ఒక పంతులు మాట మీద చేయదు. హిల్ వెనుక లండన్ వర్తకులు ఉన్నారు. వాళ్ళ దగ్గర డబ్బుంది, పట్టుదల ఉంది, ప్రచారం చేయడం తెలిసిన మనుషులున్నారు. ఆ వర్తకుల సంగతి బిట్టు ప్రశ్నల్లోకి రాలేదు.

ముందు ఆ కాలపు తపాలా ఎలా ఉండేదో చూద్దాం. ఉత్తరం ఖరీదు రెండు లెక్కల మీద ఆధారపడేది: ఎంత దూరం, ఎన్ని కాగితాలు. లండన్ నుంచి ఎడిన్‌బరోకి ఒక్క కాగితం ఉత్తరానికి ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, అంటే పదమూడున్నర పెన్నీలు. వ్యవసాయ కూలీకి వారం రోజులకు పది షిల్లింగులు దొరికితే గొప్ప. అంటే ఒక ఉత్తరానికి ఒక రోజు కూలిలో సగం పైనే పోయినట్టు. లోపల ఇంకో చీటీ పెడితే రెట్టింపు. కవరు కూడా ఒక కాగితమే కాబట్టి కవరు వాడేవాళ్ళు తక్కువ. ఉత్తరాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా రాసేవారు. లోపల రెండో కాగితం ఉందేమోనని పోస్టాఫీసు గుమాస్తాలు ఉత్తరాన్ని కొవ్వొత్తి ముందు పట్టి చూసేవారు. రేటు లెక్కగట్టి, పైన రాసి, పుస్తకంలో ఎక్కించి పంపేవారు. డబ్బు మాత్రం ఎక్కువగా అందుకునేవాడే ఇవ్వాలి. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి చిల్లర వచ్చేదాకా కాచుకోవాలి. అందుకునేవాడు వద్దంటే ఆ ఉత్తరం అంత దూరమూ ఉత్తపుణ్యానికి ప్రయాణం చేసినట్టు.

జనం ఊరుకుంటారా? చిరునామా రాసే తీరులో గుర్తులు పెట్టుకున్నారు. ఒక గీత ఉంటే క్షేమం, పేరు ఇంకోలా రాస్తే బయలుదేరుతున్నాను అని. అందుకునేవాడు పైపైన చూసి, డబ్బు లేదు తీసుకుపొమ్మనేవాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మొబైల్ ఫోన్లు వచ్చిన కొత్తలో మనం చేసిందీ ఇదే కదా. బస్సు దిగగానే ఒక మిస్డ్ కాల్, ఇంటికి చేరాక ఇంకొకటి. రేటు ఎక్కువగా ఉన్నచోట మనిషి బుర్ర ఏ దేశంలోనైనా ఒకేలా పనిచేస్తుంది.

ఇక వర్తకుడి కష్టం వేరు. అతని వ్యాపారమంతా ఉత్తరాల మీదే నడుస్తుంది. ఆర్డరు ఒక ఉత్తరం, బీజకం ఒకటి, సరుకు ఎక్కిన రసీదు ఒకటి, హుండీ ఒకటి. గుడ్డ ముక్క శాంపిలు పెడితే అదనం. ఏడాదికి వందల పౌన్లు తపాలాకే పోసిన కంపెనీలు లండన్‌లో ఉండేవి. అటు పార్లమెంటు సభ్యులకు ఫ్రాంకు అనే హక్కు ఉంది. కవరు మీద సంతకం పెడితే చాలు, ఉత్తరం ఉచితంగా వెళ్తుంది. సభ్యుడితో స్నేహం ఉన్నవాడికీ అదే సౌకర్యం. లేనివాడు దొంగదారి పట్టాడు. సరుకు మూటల్లో ఉత్తరాలు దూర్చడం, కోచి బండ్ల వాళ్ళకు చేతిలో పెట్టడం, ఒకే కాగితం మీద నలుగురికి రాసి, అక్కడికి చేరాక కత్తిరించి పంచడం. మాంచెస్టరు గుడ్డల వర్తకుడు రిచర్డ్ కాబ్డెన్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన అంచనా ప్రకారం, మాంచెస్టరు లండన్ల మధ్య నడిచే ఉత్తరాల్లో ఆరింట అయిదు వంతులు పోస్టాఫీసు గడపే తొక్కడం లేదు. గ్లాస్గో ప్రచురణకర్త ఒకాయన, ఇరవై వేల ఉత్తరాలు బయట దారిన పంపేదాకా తాను పట్టుబడలేదని చెప్పుకున్నాడు. ఇందులో నష్టపోయింది చట్టం ప్రకారం డబ్బు కట్టిన వర్తకుడే.

రోలండ్ హిల్ రంగంలోకి వచ్చింది ఇక్కడే. తండ్రితో, అన్నదమ్ములతో కలిసి బర్మింగ్‌హామ్ దగ్గర హేజెల్‌వుడ్ అనే బడి నడిపిన మనిషి ఆయన. తపాలా శాఖలో ఒక్కరోజూ పనిచేయలేదు. గ్రీనాక్ సభ్యుడు రాబర్ట్ వాలెస్ అప్పటికే తపాలా శాఖ మీద పార్లమెంటులో విడవకుండా విరుచుకుపడుతున్నాడు. ఆయన ప్రభుత్వ నివేదికల కట్టలను బండిలో వేసి హిల్‌కి పంపాడు. వాటిని కూర్చుని చదివి హిల్ 1837లో తపాలా సంస్కరణ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. 1815 నుంచి 1835 వరకు దేశ జనాభా అరవై లక్షలు పెరిగితే తపాలా ఆదాయం పెరక్కపోగా కాస్త తగ్గిందని చూపించాడు.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నది ఆయన వేసిన రెండో లెక్క. లండన్ నుంచి ఎడిన్‌బరోకి మెయిలు బండి ఒకసారి వెళ్ళడానికి ఖర్చు 5 పౌన్లు. సంచుల బరువు తీసేస్తే అది మోసే తపాలా ఆరు హండ్రెడ్‌వెయిట్లు. హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్ల బరువు. అంటే ఒక్కో హండ్రెడ్‌వెయిట్‌కు 200 పెన్నీలు. సగటు ఉత్తరం పావు ఔన్సు అనుకుంటే, ఒక హండ్రెడ్‌వెయిట్‌లో 7168 ఉత్తరాలు పడతాయి. భాగించి చూడండి: ఒక ఉత్తరాన్ని అంత దూరం మోయడానికి అయ్యే ఖర్చు పెన్నీలో ముప్పై ఆరో వంతు. అంతే. దానికి వసూలు చేస్తున్నది పదమూడున్నర పెన్నీలు.

అయితే మిగతా ఖర్చు ఎక్కడుంది? కొవ్వొత్తి దగ్గర, లెక్క పుస్తకం దగ్గర, గుమ్మంలో చిల్లర కోసం నిలబడడంలో ఉంది. దూరం వల్ల అయ్యే ఖర్చు ఇంత స్వల్పమైనప్పుడు దూరాన్ని బట్టి రేటు పెట్టడమే దండగ అని హిల్ తేల్చాడు. దేశమంతా ఒకే రేటు, అరఔన్సుకు ఒక పెన్నీ, పంపేవాడే ముందుగా చెల్లించాలి. అప్పుడు కొవ్వొత్తీ అక్కర్లేదు, పుస్తకమూ అక్కర్లేదు. మా శాఖలో ట్రంకు కాల్ కాలం నుంచి దేశమంతా ఒకే రేటు దాకా వచ్చిన దారిని చూసినవాడిగా చెబుతున్నాను, ఈ తర్కం మా దగ్గరకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. తీగ మీద మాట పోవడానికి అయ్యే ఖర్చు కన్నా దాన్ని కలపడానికి, కొలవడానికి, బిల్లు వేయడానికి అయ్యే ఖర్చు ఎక్కువని లోపల పనిచేసేవాళ్ళకి తెలుసు.

తపాలా శాఖకు కోపం వచ్చింది. పోస్ట్‌మాస్టర్ జనరల్ లార్డ్ లిచ్‌ఫీల్డ్ ప్రభువుల సభలో లేచి, తాను విన్న పిచ్చి పథకాలన్నిటిలోకీ ఇది మించిపోయిందన్నాడు. ఉత్తరాలు పన్నెండు రెట్లయితే మోత ఖర్చూ పన్నెండు రెట్లవుతుందని, పోస్టాఫీసు గోడలు పగిలిపోతాయని కూడా అన్నాడు. శాఖ కార్యదర్శి కర్నల్ మేబర్లీ కూడా ఇంతకన్నా మెత్తగా ఏమీ మాట్లాడలేదు. ఒక్క పుస్తకంతో ఈ గోడను కదిలించడం హిల్ వల్ల అయ్యే పని కాదు.

1838 మొదట్లో టీ వ్యాపారి జార్జ్ మొఫట్ చొరవతో లండన్ వర్తకులు ఒక కమిటీ వేసుకున్నారు. బేరింగ్ బ్రదర్స్ బ్యాంకు భాగస్వామి జోషువా బేట్స్ అధ్యక్షుడు. ఈయన అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు. న్యాయవాది విలియం ఆషర్స్ట్ ఫీజు తీసుకోకుండా పార్లమెంటు పని చూశాడు. ప్రచారానికి హెన్రీ కోల్ అనే ముప్పై ఏళ్ళు కూడా లేని ప్రభుత్వ గుమాస్తాను పెట్టుకున్నారు. చందాలు వర్తకులవి, బుర్ర కోల్‌ది.

కోల్ చేసిన పనులు ఇవాళ్టి ప్రచార సంస్థలకు పాఠంగా చెప్పొచ్చు. 'పోస్ట్ సర్క్యులర్' అనే పత్రిక పెట్టాడు. ముద్ర పడిన వార్తాపత్రికలు తపాలాలో ఉచితంగా పోయే రోజులవి. అంటే తపాలా శాఖను తిట్టే పత్రికను తపాలా శాఖే ఊరూరా ఉచితంగా మోసిపెట్టింది. ఒక రోజు ఎడిన్‌బరో మెయిలు బండిలో ఏమేం వెళ్ళాయో లెక్క సంపాదించి బొమ్మ గీయించాడు. 2296 వార్తాపత్రికలు, 273 పౌండ్ల బరువు, ఉచితం. 484 ఫ్రాంకు ఉత్తరాలు, 47 పౌండ్లు, ఉచితం. స్టాంపు కాగితాల మూట 177 పౌండ్లు, అదీ ఉచితం. డబ్బు కట్టిన ఉత్తరాలు 1565. వాటి బరువు 34 పౌండ్లు మాత్రమే, ఆదాయం 93 పౌన్లు. అంటే సుమారు పదిహేను కిలోల ఉత్తరాలు మొత్తం బండిని పోషిస్తున్నాయి. లిచ్‌ఫీల్డ్ దొర చెప్పిన గోడల బెదిరింపుకి ఈ ఒక్క బొమ్మ చాలు. తర్వాత విక్టోరియా రాణి, ఆమె మంత్రులు, హిల్ మాట్లాడుకుంటున్నట్టు ఒక ఊహా నాటిక రాసి, డికెన్స్ 'నికొలస్ నికిల్బీ' నెలనెలా విడిభాగాలుగా వస్తున్న రోజుల్లో ఒక భాగంతో కలిపి కుట్టించి జనంలోకి వదిలాడు. నవల కోసం కొన్నవాడు పెన్నీ తపాలా గురించీ చదివాడు.

ఇటు వాలెస్ అధ్యక్షతన పార్లమెంటు సెలెక్ట్ కమిటీ 63 రోజులు కూర్చుంది. వర్తకుల కమిటీ సాక్షులను వెతికి తెచ్చి నిలబెట్టింది. పెద్ద బ్యాంకరు శామ్యూల్ జోన్స్ లాయిడ్, పన్ను వేయకూడని వస్తువు లోకంలో ఏదైనా ఉంటే అది మనుషుల మధ్య ఉత్తరమేనన్న అర్థంలో మాట్లాడాడు. బేరింగ్ కుటుంబానికే చెందిన లార్డ్ ఆష్‌బర్టన్, తపాలా పన్ను అంటే దూరంగా ఉన్నవాళ్ళ సంభాషణ మీద పన్ను అన్నాడు. అయినా కమిటీలో ఓట్లు సమంగా చీలిపోయి, ఒకే రేటు అన్న తీర్మానం అధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. పెన్నీ మాత్రం ఓడిపోయింది. కమిటీ సిఫార్సు చేసింది రెండు పెన్నీలు.

సగం దక్కింది కదా అని ఇక్కడ వర్తకులు సర్దుకోవచ్చు. పదమూడున్నర నుంచి రెండుకి తగ్గితే ఏ వ్యాపారికి చేదు? కానీ వాళ్ళు పెన్నీ మీదే నిలబడ్డారు. దీనికి కారణం ఔదార్యమని నేను అనుకోను. దొంగదారిన ఉత్తరం మోసేవాడు చాలాచోట్ల పెన్నీ తీసుకుంటున్నాడు. ప్రభుత్వ రేటు రెండు పెన్నీలైతే దొంగ వ్యాపారం బతికే ఉంటుంది. ఇంకో సంగతి, ఉత్తరం అనేది ఒంటిచేతి చప్పట్లు కాదు. లండన్ వర్తకుడు రాస్తే సరిపోదు, ఎక్కడో చిన్న ఊళ్ళో అంగడివాడు జవాబు రాయగలగాలి. అవతలివాడికి అందుబాటులో లేని తపాలా ఇవతలివాడికీ సగమే పనికొస్తుంది. మా టెలికాం వాళ్ళు దీన్ని నెట్‌వర్కు విలువ అంటారు. ఎంతమంది కలిస్తే ఒక్కొక్కరికీ అంత విలువ. ఆ వర్తకులకు ఈ మాట తెలియదు గానీ లెక్క తెలుసు.

పిటిషన్లు గుప్పించారు. 1839 సమావేశాల్లో పార్లమెంటుకు రెండు వేలకు పైగా అర్జీలు వచ్చాయి, రెండున్నర లక్షలకు పైగా సంతకాలతో. పురపాలక సంఘాలు, వర్తక సంఘాలు, చర్చిలు, గ్రంథాలయ సంఘాలు అన్నీ రాశాయి. మే నెలలో నూటయాభై మంది సభ్యులు కలిసి ప్రధానమంత్రి మెల్బోర్న్ దగ్గరకు వెళ్ళారు. వాళ్ళలో ఐర్లండు నాయకుడు డేనియల్ ఓకానెల్ ఉన్నాడు. ఇంగ్లండుకు కూలిపనికి వచ్చిన ఐరిష్ వాళ్ళు ఇంటికి ఉత్తరం రాసి, జవాబు తెప్పించుకోవాలంటే వారం సంపాదనలో ఎంత పోతుందో ఆయన చెప్పాడు. వలస కూలీ వాదన, బ్యాంకరు వాదన ఒకే గదిలో వినిపించాయన్నమాట. మెల్బోర్న్ ప్రభుత్వానికి మెజారిటీ అంతంతమాత్రం, ఈ సభ్యుల మద్దతు లేకపోతే కుర్చీ నిలవదు. ఖజానాలో లోటున్నా ఒప్పుకున్నారు. 1839 ఆగస్టులో చట్టం వచ్చింది. డిసెంబరు 5 నుంచి తాత్కాలికంగా నాలుగు పెన్నీలు, 1840 జనవరి 10 నుంచి పెన్నీ. ఆ రోజు లండన్‌లో 1,12,000 ఉత్తరాలు పోస్టయ్యాయి. మనం బట్టీపట్టిన నల్ల బిళ్ళ చెలామణిలోకి వచ్చింది ఆ తర్వాత, మే 6న. అంటే మొదటి నాలుగు నెలలూ పెన్నీ తపాలా బిళ్ళ లేకుండానే నడిచింది.

తర్వాత ఏమైంది? ఉత్తరాలు 1839లో ఏడు కోట్ల అరవై లక్షలు, 1840లో దాదాపు పదహారు కోట్ల తొంభై లక్షలు. ప్రభుత్వానికి మిగిలే నికర ఆదాయం మాత్రం పదహారు లక్షల పౌన్ల నుంచి ఐదు లక్షలకు పడిపోయింది. హిల్ ఆశించిన ఐదు రెట్ల ఉత్తరాలు రావడానికి పదమూడేళ్ళు పట్టింది, పాత నికర ఆదాయం తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళకు పైన. కాబట్టి డబ్బు విషయంలో తపాలా శాఖ భయపడింది తప్పు కాదు. ఈ మాట హిల్ అభిమానులు సాధారణంగా చెప్పరు. ఆ ఇరవై ఏళ్ళ లోటును పూడ్చింది ఎవరు? 1842లో పీల్ ప్రభుత్వం ఆదాయపు పన్ను మళ్ళీ తెచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, తపాలా నష్టం అందులో ఒకటి. ఉత్తరం మీద వర్తకుడికి మిగిలిన దాంట్లో కొంత పన్ను రూపంలో వెనక్కి పోయింది. నా ఉద్దేశంలో అది న్యాయమైన బేరమే.

మొదటి లాభం వ్యాపారానిదేనన్నది కూడా ఒప్పుకోవాలి. ధరల పట్టికలు, ప్రకటనలు, బీజకాలు వరదలా వచ్చాయి. కాబ్డెన్ ధాన్యం చట్టాల మీద నడిపిన ఉద్యమం తన కరపత్రాలను పెన్నీ తపాలా మీదే దేశమంతా చల్లింది. చదువురాని కూలీకి పెన్నీ ఉత్తరం వెంటనే ఏమీ ఒరగబెట్టలేదు. దాని కోసం అక్షరాలు నేర్వడానికి మాత్రం ఒక కారణం దొరికింది.

హిల్‌ను అదే 1842లో ప్రభుత్వం ఉద్యోగంలోంచి పంపించేసింది. ఆయనను మరిచిపోనివాళ్ళు వర్తకులే. చందాలు పోగుచేసి 1846లో 13,000 పౌన్లకు పైగా కానుక ఇచ్చారు. ఆయన తిరిగి తపాలా శాఖలోకి వచ్చి ఉన్నత పదవి చేశాడు, సర్ అయ్యాడు. కోల్ 1851 మహా ప్రదర్శన నిర్వాహకుల్లో ముఖ్యుడయ్యాడు. 1843లో మొదటి క్రిస్మస్ కార్డు అచ్చువేయించిందీ ఆయనే, పెన్నీ తపాలా ఉండబట్టే. బేట్స్ తను పుట్టిన రాష్ట్రంలోని బోస్టన్ నగర గ్రంథాలయానికి యాభై వేల డాలర్లు ఇచ్చాడు. అక్కడి పెద్ద చదువుల హాలుకు ఆయన పేరే.

పాతికేళ్ళు గడిచాయి. ఉత్తరం స్థానంలో తంతి వచ్చింది, వర్తకులు మళ్ళీ వీధిలోకి వచ్చారు. ఈసారి వాళ్ళు అడిగింది ఇంకా వింత. బ్రిటన్‌లో టెలిగ్రాఫు పూర్తిగా ప్రైవేటు కంపెనీలది. ఒక కంపెనీ దూరంతో పనిలేకుండా ఒక షిల్లింగు రేటు పెట్టి కొన్నాళ్ళు నడిపింది. 1865లో పెద్ద కంపెనీలు కూడబలుక్కుని ఆ రేటు తీసేసి, మళ్ళీ దూరాన్ని బట్టి పెంచాయి. పోటీ ఉన్న పెద్ద నగరాల్లో ఒకే వీధిలో మూడు ఆఫీసులు. చిన్న ఊళ్ళకి తీగే లేదు, ఉన్నా ఊరికి దూరంగా రైలు స్టేషనులో. వార్తలు పోగుచేసి పత్రికలకు అమ్మేది కూడా ఆ కంపెనీలే కాబట్టి జిల్లా పత్రికలవాళ్ళూ మండిపడుతున్నారు. ఎడిన్‌బరో ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఆ ఏడాదే కమిటీ వేసి, తంతిని ప్రభుత్వమే కొని తపాలా శాఖకు అప్పగించాలని కోరింది. తక్కిన ఛాంబర్లు వంత పాడాయి. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదని ప్రతి విందులోనూ ఉపన్యాసాలిచ్చే మనుషులు వీళ్ళు!

తపాలా శాఖ అధికారి ఫ్రాంక్ ఐవ్స్ స్కుడమోర్ నివేదికలు తయారుచేశాడు. 1868లో చట్టమైంది, 1870 ఫిబ్రవరి 5న తీగలన్నీ ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఇరవై పదాలకు ఒక షిల్లింగు, దేశంలో ఎక్కడికైనా. కొత్త ఊళ్ళకు ఆఫీసులు వచ్చాయి, ఐదారేళ్ళలో తంతి సందేశాలు రెండింతలు దాటాయి. ఖర్చు మాత్రం చేయి దాటింది. కంపెనీలకు ఇరవై ఏళ్ళ లాభానికి సరిపడా ధర కట్టాలని చట్టంలోనే రాశారు. మొదట రెండున్నర మిలియన్ పౌన్లతో అయిపోతుందనుకున్న పని, కొత్త లైన్లతో కలిపి పది మిలియన్లకు చేరింది. లైన్లు వేగంగా వేయాలన్న ఆత్రంలో స్కుడమోర్ పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు సొమ్మును అనుమతి లేకుండా వాడేశాడు. జేబులో వేసుకున్నది లేదు, అయినా గొడవయింది. 1875లో రాజీనామా చేసి, తర్వాత టర్కీ వెళ్ళి అక్కడి తపాలా తంతి పనులు చూశాడు.

ఈ నష్టానికి సాంకేతిక కారణం ఒకటుంది, అది చెప్పకుండా నా కలం ఆగదు. పెన్నీ తపాలా తర్కాన్ని తంతికి యథాతథంగా అతికించారు. మెయిలు సంచిలో వెయ్యి ఉత్తరాలు ఎక్కువ పడితే గుర్రానికి తెలియదు. ఆనాటి తీగ మీద మాత్రం ఒకసారి ఒకే సందేశం పోతుంది, ప్రతి అక్షరాన్నీ ఇటు ఒక గుమాస్తా కొట్టాలి, అటు ఒక గుమాస్తా రాసుకోవాలి. సందేశాలు రెట్టింపైతే మనుషులూ రెట్టింపు, తీగలూ రెట్టింపు. మొదట్లో ప్రభుత్వ స్వాధీనాన్ని సమర్థించిన ఆర్థికవేత్త జెవన్స్, 1875లో లెక్కలు చూశాక ఈ తేడానే ఎత్తి చూపాడు. వర్తకులకు దీనితో పనిలేదు, వాళ్ళకు చౌక తంతి దొరికింది. లోటు పన్ను కట్టే వాళ్ళందరి మీదా పడింది. పెన్నీ తపాలా విషయంలో వర్తకుల కోరికా దేశం అవసరమూ ఒకటయ్యాయి. తంతి దగ్గరకొచ్చేసరికి ఆ రెండూ కొంతే కలిశాయి. చిన్న ఊరికి తీగ రావడం మాత్రం ఆ లోటుకు తగిన పనే అని, ఊరూరా ఎక్స్‌ఛేంజీలు పెట్టినవాడిగా నాకు అనిపిస్తుంది.

మన దేశం సంగతి. ఇక్కడ వర్తకుల ఒత్తిడి ఎక్కువగా కనిపించింది సముద్రం మీద. కేప్ చుట్టూ తిరిగి ఇంగ్లండు ఉత్తరం రావడానికి నెలలు పట్టేది. కలకత్తా, మద్రాసు, బొంబాయి దొరల వర్తకులు సభలు పెట్టి, చందాలు వేసి, ఎర్ర సముద్రం మీదుగా ఆవిరి ఓడలు నడపమని కంపెనీని ఏళ్ళ తరబడి వేధించారు. 1830లో 'హ్యూ లిండ్సే' అనే ఆవిరి ఓడ బొంబాయి నుంచి సూయజ్ చేరింది. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య పడిన మొదటి తీగకు ముఖ్యమైన పని కూడా హుగ్లీలోకి వచ్చే ఓడల కబురు అందించడమే.

ఉత్తరం ధర విషయంలో మాత్రం ఇక్కడ లక్షల సంతకాలూ లేవు, పార్లమెంటూ లేదు. బ్రిటన్‌లో గెలిచిన వాదాన్ని డల్హౌసీ ప్రభుత్వం తెచ్చి అమలుచేసింది. అంతకుముందు కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి రూపాయి. 1854 అక్టోబరు 1 నుంచి, కంపెనీ పాలనలో ఉన్న ఏ ఊరికైనా పావు తులం ఉత్తరానికి అర్ధణా. గంజాం నుంచి బళ్ళారికి రాసినా అంతే, బందరు నుంచి లాహోరుకు రాసినా అంతే. నిజాం రాజ్యంలో వేరే తపాలా ఉండేది. అక్కడ బిళ్ళలు 1869లో వచ్చాయి. 1879లో కానీ కార్డు వచ్చింది.

వర్తకుల లాబీ మన గోదావరి దాకా కూడా వచ్చింది. ఆ రోజుల్లో కమ్యూనికేషన్స్ అంటే తపాలా, తంతి, రోడ్డు, కాలువ అన్నీ కలిపే. అమెరికా పత్తి మీద ఆధారపడలేక మాంచెస్టరు ఛాంబరు, పత్తి సరఫరా సంఘం 1857 తర్వాత గట్టిగా పట్టుబట్టాయి: బీరారు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి చేర్చాలి, నది పైభాగాన్ని ప్రభుత్వం బాగుచేయాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఈ పథకానికి ప్రాణం పెట్టాడు. రాళ్ళు అడ్డొచ్చే చోట్ల ఆనకట్ట, పడవల కాలువ, లాకులు మొదలయ్యాయి. 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర దిగింది. 1867లో రైలు నాగపూరు చేరింది. మాంచెస్టరు వాళ్ళ ఉత్తరాలు పలచబడ్డాయి, 1870ల మొదట్లో పని ఆపేశారు. ధర ఎక్కువున్నంత కాలమే వాళ్ళకు గోదావరి గుర్తుంది.

భద్రాచలం వెళ్ళే మిత్రులు ఈసారి ఇంకొంచెం ముందుకు, దుమ్ముగూడెం దాకా వెళ్ళి కారు ఆపండి. ఆ పాత ఆనకట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. ఎండాకాలం అయితే రాళ్ళు బాగా కనిపిస్తాయి. దారి అడిగితే ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు.